గుంట పూడ్చడం వచ్చాకే డిటెక్టర్ పట్టండి

అమెరికాలో చాలా ఊళ్ళ పార్కుల్లో మెటల్ డిటెక్టర్లు వద్దని బోర్డు కనిపిస్తే, దాని వెనక కారణం తరచుగా చాలా చిన్నది. నేలలోని నాణేలు ఈ మిషన్‌తో వెతికే సరదాతో ఎవరో వచ్చి ఒక క్వార్టర్ (పావు డాలరు నాణెం) కోసం పచ్చికలో గుంట తీశారు, సరిగ్గా పూడ్చకుండా వెళ్ళిపోయారు. వారం తిరిగేసరికి అక్కడ గడ్డి ఎండి గుండ్రటి మచ్చ పడింది. పార్కు చూసుకునేవాళ్ళకు అలాంటి మచ్చలు పది కనబడితే చాలు, ఊరందరికీ తలుపు మూసుకుంటుంది. అందుకే ఈ వ్యాసంలో మిషన్ల గురించి కొంత, తవ్వకం గురించి ఎక్కువ ఉంటుంది. కొత్తవాళ్ళు సరిగ్గా దీనికి తలకిందులుగా నేర్చుకుంటారు.

ముందు అనుమతి

మొదలుపెట్టడానికి సొంత ఇంటి పెరడును మించింది లేదు. అద్దె ఇల్లయితే ఓనరును అడగాలి. సబ్‌డివిజన్‌లో (ఇళ్ళ కాలనీలో) చెరువు గట్టు, ఆటస్థలం లాంటివి ఇంటి యజమానుల అసోసియేషన్‌వి. మనం నెలనెలా డబ్బు కడుతున్నా అక్కడ తవ్వే హక్కు మనకు రాదు. పరాయివాళ్ళ స్థలంలోకి వెళ్ళేటప్పుడు నోటిమాట చాలదు. ఏ తేదీన, స్థలంలో ఏ భాగంలో, దొరికినవి ఎవరికి అన్న మూడు సంగతులూ ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టించుకోండి. బంగారం దొరికిన రోజున స్నేహాలు చెడకుండా కాపాడేది ఆ కాగితమే.

ఊరి పార్కులకు ఒక్కో ఊరిది ఒక్కో నియమం. కొన్నిచోట్ల ఉచితంగా పర్మిట్ ఇస్తారు, కొన్నిచోట్ల స్క్రూడ్రైవర్ కంటే పెద్ద పనిముట్టు పట్టుకు రానివ్వరు, కొన్నిచోట్ల అసలే వద్దంటారు. పార్క్స్ డిపార్ట్‌మెంట్‌కి ఫోన్ చేసి అడగండి. పర్మిట్ ఉంటే ప్రింటు తీసి సంచిలో పెట్టుకోండి. స్టేట్ పార్కుల సంగతీ అంతే, రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉన్న భూమిలో మాత్రం మారేదేమీ లేదు. అక్కడ డిటెక్టర్ వాడటమే కాదు, వాడటానికి వీలుగా దగ్గర పెట్టుకోవడం కూడా నేరం. విడదీసి కారు డిక్కీలో కట్టిపెట్టి ఉంటే సరే. టెక్సస్‌లో పాడ్రే ఐలండ్ నేషనల్ సీషోర్, నార్త్ కరోలినాలో కేప్ హాటెరస్ నేషనల్ సీషోర్ దీని కిందికే వస్తాయి. బీచే కదా అనుకుని అక్కడ మిషన్ దించకండి. ఇక ఏ ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) భూమిలోనైనా నూరేళ్ళు దాటిన పురావస్తువులను అనుమతి లేకుండా తవ్వి తీయడం 1979 నాటి చట్టం ప్రకారం నేరం. ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్ నడిపే చెరువుల దగ్గర కొంత వెసులుబాటు ఉంది. స్నానాలకు కేటాయించిన బీచుల్లో, ఇదివరకే తవ్విపోసిన చోట్ల డిటెక్టర్ వాడొచ్చు, స్థానిక అధికారి వద్దని ఉంటే తప్ప. డాలస్ చుట్టుపక్కల లవాన్, లూయిస్‌విల్, గ్రేప్‌వైన్ చెరువులు అలాంటివే. అయినా వెళ్ళేముందు ఆ లేక్ ఆఫీసుకు ఒక ఫోన్ చేయండి.

సెలవులకు ఇండియా వెళ్ళేటప్పుడు ఈ మిషన్‌ని సూట్‌కేసులో పెట్టుకోవాలని అనిపిస్తే, ఆ ఆలోచన ఇక్కడే మానుకోండి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. మట్టిలో దాగి ఉన్న వస్తువు విలువ 10 రూపాయలు దాటితే, దొరికినవాళ్ళు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. తెలపకపోతే ఏడాది వరకు జైలు పడొచ్చు. రక్షిత కట్టడాల దగ్గర లైసెన్సు లేకుండా తవ్వకూడదని 1958 చట్టం, నూరేళ్ళు దాటిన పురావస్తువును దేశం దాటించకూడదని 1972 చట్టం చెబుతున్నాయి. చట్టాల సంగతి అటుంచినా, గుప్తనిధుల పేరుతో మన ఊళ్ళలో పాడుబడ్డ గుళ్ళు, కోటలు ఎన్ని నాశనమయ్యాయో అందరికీ తెలిసిందే. నందిని పగలగొట్టినవాళ్ళు, ధ్వజస్తంభం మొదట్లో గొయ్యి తీసినవాళ్ళు చేసిన పనికీ ఈ హాబీకీ ఏ చుట్టరికమూ ఉండకూడదు. ఊళ్ళో డిటెక్టర్‌తో కనిపించిన మనిషిని జనం మొదట అనుమానించేది దానికే.

ఏ మిషన్

ఒక హెచ్చరికతో మొదలుపెడదాం. "30 అడుగుల లోతులో ఉన్న బంగారాన్ని, కేవలం బంగారాన్నే చూపిస్తుంది" అని లక్షలకు అమ్మే యాంటెన్నా కడ్డీల మిషన్లు మన తెలుగు రాష్ట్రాల్లోనూ తిరుగుతుంటాయి. అలా పనిచేసే పరికరం లేదు. మామూలు డిటెక్టర్ చేసేది ఇదే: కింది చివర పళ్ళెంలా ఉండే కాయిల్ నుంచి అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది, లోహంలో పుట్టే విద్యుత్తు తిరిగి పంపే క్షేత్రాన్ని పట్టుకుంటుంది. దూరం పెరిగేకొద్దీ ఆ జవాబు విపరీతంగా సన్నబడిపోతుంది. 11 అంగుళాల కాయిల్‌తో, మంచి నేలలో, ఒక క్వార్టర్ 8 నుంచి 10 అంగుళాల లోతులో దొరికితే అది మంచి మిషన్. సన్నని ఉంగరానికి అంత లోతు కూడా రాదు.

కొత్తవాళ్ళు తేల్చుకోవలసింది ఒకటే: సముద్రం ఒడ్డుకు వెళతారా, లేదా? ఉప్పునీటితో తడిసిన ఇసుక విద్యుత్తును మోస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడిచే మిషన్ దాన్నే లోహం అనుకుని అదే పనిగా మోగుతుంది. గారెట్ ఏస్ 300 లాంటిది పెరట్లో, పార్కులో చక్కగా పనిచేస్తుంది, తడి ఉప్పు ఇసుకలో మాత్రం విసిగిస్తుంది. ఒకేసారి అనేక ఫ్రీక్వెన్సీలు వాడే మైన్‌ల్యాబ్ వాంక్విష్, నోక్టా లెజెండ్, మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ అక్కడా ఊరికే మోగకుండా నిలకడగా ఉంటాయి. వాంక్విష్‌లో నీళ్ళు తట్టుకునేది కాయిల్ ఒక్కటే, పైనున్న పెట్టె తడవకూడదు. ఈక్వినాక్స్, లెజెండ్ మొత్తంగా నీటిలో మునిగినా ఫరవాలేదు. బీచ్‌కి దగ్గర్లో ఉండేవాళ్ళు కాస్త ఎక్కువైనా మల్టీ ఫ్రీక్వెన్సీ మిషనే కొనడం మేలు. ఏడాది తిరక్కుండానే మళ్ళీ కొనే ఖర్చు తప్పుతుంది. పల్స్ ఇండక్షన్ అనే ఇంకో రకం మిషన్లు ఉప్పు ఇసుకలో ఇంకా లోతుకు చూస్తాయి, కానీ ఇనుముకీ బంగారానికీ తేడా సరిగా చెప్పవు. కాబట్టి మొదటి మిషన్‌గా వద్దు.

మిషన్ మీద మిగిల్చిన డబ్బును పిన్‌పాయింటర్ మీద పెట్టండి. క్యారెట్ ఆకారంలో చేతిలో ఇమిడే చిన్న డిటెక్టర్ అది. గుంటలో నాణెం ఎటు పక్క ఉందో అదే చెబుతుంది. అది లేనివాళ్ళు పెద్ద గుంట తీస్తారు, తీసిన గుంటలో గుడ్డిగా పొడుస్తారు, నాణేన్ని గీరేస్తారు. మిషన్ తర్వాత కొనవలసిన రెండో వస్తువు ఇదే, హెడ్‌ఫోన్స్ కాదు.

మూడోది తవ్వే కత్తి. ఒక అంచు రంపంలా పళ్ళు ఉండి, బలమైన ఉక్కుతో చేసిన లెష్ కంపెనీ రకం చేతిపార చాలు. తోటపనికి అమ్మే చవక తాపీలు ఎండిన బంకమట్టిలో మెడ దగ్గర వంగిపోతాయి. పార్కులోకి పొడుగు పార తేవద్దు. దానితో తెగే ముక్క అవసరానికి మించి ఉంటుంది, దూరం నుంచి చూసేవాళ్ళకు సమాధి తవ్వుతున్నట్టు కూడా కనిపిస్తుంది. మట్టి పోసుకోవడానికి ఖాళీ సోనామసూరి బియ్యం సంచిని కోసి పరిస్తే, కొన్న గుడ్డలకంటే బాగుంటుంది. మట్టి దానికి అంటుకోకుండా జారి గుంటలోకి పోతుంది. చేతికి గ్లవ్స్ తప్పనిసరి, మట్టిలో గాజుపెంకులు ఉంటాయి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో ఒకసారి చూసుకోండి. నడుముకు రెండు సంచులు ఉండాలి, ఒకటి దొరికినవాటికి, ఒకటి చెత్తకు.

ఊపడం, వినడం

కాయిల్‌ను నేలకు అంగుళం ఎత్తులో, నేలకు సమాంతరంగా ఉంచి ఊపాలి. గోడగడియారం లోలకంలా రెండు చివర్లలో పైకి లేస్తే ఆ చివర్లలో లోతు పోతుంది. ఒక్కో ఊపు ముందు ఊపును సగం కప్పుతూ సాగాలి. ఎడమ నుంచి కుడికి రెండు సెకన్లు పట్టినా తొందర లేదు. స్థలాన్ని చాళ్ళుగా నడిచి పూర్తి చేశాక, అడ్డంగా మళ్ళీ చాళ్ళు వేయండి. ఒక వైపునుంచి మేకు చాటున దాక్కున్న నాణెం ఇంకోవైపునుంచి పలుకుతుంది.

మొదలుపెట్టేముందు, ఆ వీలున్న మిషనైతే, గ్రౌండ్ బ్యాలెన్స్ చేయాలి. లోహం లేని చోట కాయిల్‌ను నేలకు దగ్గరగా, దూరంగా నాలుగైదుసార్లు ఆడిస్తూ, నేల శబ్దం అణిగేదాకా బటన్ నొక్కి ఉంచడమే. జార్జియా, వర్జీనియా ఎర్రమట్టిలో ఇనుము ఎక్కువ కాబట్టి ఇది వదిలేస్తే లోతు సగానికి పడిపోవచ్చు. మిషన్ ఊరికే కిచకిచలాడుతుంటే కొత్తవాళ్ళు పాడైందనుకుంటారు. ఎక్కువసార్లు కారణం పైన వెళ్ళే కరెంటు తీగలు, జేబులో ఫోను, ఉక్కు ముక్కున్న బూట్లు, లేదా సెన్సిటివిటీ మరీ పెంచేయడం. ఫోను తీసి దూరంగా పెట్టండి, నాయిస్ క్యాన్సిల్ నొక్కండి, అప్పటికీ తగ్గకపోతే సెన్సిటివిటీ రెండు మెట్లు దించండి. కేకలు పెట్టే మిషన్‌తో లోతు చూడటంకంటే, నెమ్మదైన మిషన్‌తో రెండంగుళాలు తక్కువ చూడటం లాభం.

తెర మీద కనిపించే అంకె లోహం పేరు కాదు. ఆ వస్తువు విద్యుత్తును ఎంత బాగా మోస్తుంది, ఎంత పెద్దది అన్నవి రెండూ కలిసి వచ్చే అంకె అది. గారెట్ ఏటీ ప్రో మిషన్ మీద నికెల్ (5 సెంట్లు) 52 దగ్గర, డైమ్ (10 సెంట్లు) 82 దగ్గర, క్వార్టర్ 88 దగ్గర పలుకుతాయి. వేరే కంపెనీల అంకెలు వేరుగా ఉన్నా వరస మాత్రం మారదు. కింద ఇనుము, తర్వాత అల్యూమినియం రేకు, నికెల్, కూల్‌డ్రింక్ డబ్బా చెవులు, జింక్ పెన్నీ (ఒక సెంటు), రాగి పెన్నీ, డైమ్, క్వార్టర్, అన్నిటికీ పైన పెద్ద వెండి నాణేలు. బంగారు ఉంగరాలు ఎక్కువగా పడేది రేకుకీ డబ్బా చెవులకీ మధ్యలో. చెత్త వద్దని ఆ అంకెల్ని మోగకుండా నొక్కేసిన మిషన్ బంగారాన్ని కూడా వదిలేస్తుంది. అందుకే మొదటి 100 శబ్దాలను ఏదీ వదలకుండా తవ్వి, అంకె ఎంత, దొరికిందేమిటి అని ఒక చీటీ మీద రాసుకోండి. ఆ తర్వాత చెవి దానంతటదే తేడా పట్టేస్తుంది.

ఒక మోసం గురించి ముందే తెలుసుకోవాలి. తుప్పుపట్టిన సీసా మూత, మడతపడిన రేకు, పెద్ద మేకు వెండిలా ఎత్తుగా పలుకుతాయి. అలాంటి శబ్దం వస్తే 90 డిగ్రీలు పక్కకు తిరిగి మళ్ళీ ఊపండి. నాణెం రెండువైపులా దాదాపు ఒకే అంకె ఇస్తుంది. ఇనుమైతే అంకె ఎగిరిపడుతుంది, కాయిల్ అంచుకు వచ్చేసరికి గొంతు గరగరమంటుంది.

తవ్వకం

శబ్దం నిలకడగా ఉందనుకున్నాక, కాయిల్‌ను ఆ చోటి మీద ఇంటూ గుర్తులా రెండు దిక్కుల్లో ఆడించి, గీతలు కలిసిన చోటును చూపుతో పట్టుకోండి. వెంటనే కత్తి తీయకండి. ముందు పిన్‌పాయింటర్‌ను గడ్డి మీద ఆనించండి. అది మోగితే వస్తువు రెండంగుళాల లోపే ఉంది. అప్పుడు గుంటే అక్కర్లేదు. మొద్దు మొనగల స్క్రూడ్రైవర్‌ను పక్కనుంచి ఏటవాలుగా దించి, వస్తువు కిందికి పోనిచ్చి, పైకి లేపితే చిన్న చీలికలోంచి నాణెం బయటికి వస్తుంది. పై నుంచి నేరుగా పొడిస్తే నాణెం మీద గీత పడుతుంది.

లోతుగా ఉంటే మట్టిపెళ్ళ కోయాలి. నాలుగు అంగుళాల వెడల్పుతో, గుర్రపు నాడా ఆకారంలో మూడు పక్కలే కోయండి. నాలుగో పక్కను తలుపు బందులా వదిలేయండి. కత్తిని నిటారుగా, కనీసం నాలుగైదు అంగుళాల లోతుకు దించాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కత్తిని వాల్చి కోస్తే పెళ్ళ బొంగరంలా కింద సన్నగా వస్తుంది. దానికి వేరు మిగలదు, మట్టి మిగలదు, మూడు రోజుల్లో ఎండుతుంది, గడ్డి కోసే యంత్రం దాన్ని పీకి అవతల పడేస్తుంది. రెండంగుళాల మందాన తీసిన పలుచని పెళ్ళకూ అదే గతి. లోతుగా, నిటారుగా కోసి, ఒక పక్క అతికి ఉన్న పెళ్ళకు మాత్రం వేరు తెగిన సంగతే పెద్దగా తెలియదు.

పెళ్ళను బందు మీద వెనక్కి తిప్పి, బియ్యం సంచి పట్టాను గుంటకు ఆనించి పరవండి. పిన్‌పాయింటర్‌తో ముందు పెళ్ళ అడుగును, తర్వాత గుంటను చూడండి. నాణెం చాలాసార్లు పెళ్ళ అడుగునే అంటుకుని ఉంటుంది. ఇది తెలియనివాళ్ళు గుంటను అడుగు లోతుకు తీసేస్తారు. వదులు మట్టి అంతా పట్టా మీదే పడాలి, ఒక్క గుప్పెడు కూడా గడ్డి మీద కాదు. వస్తువు తీశాక గుంటను మరోసారి మిషన్‌తో చూడండి. నాణేలు జంటగా పడటం మామూలే, ఒకే గుంటను రెండుసార్లు తెరవడం మాత్రం గడ్డికి చేటు.

పూడ్చేటప్పుడు పట్టా ఎత్తి మట్టిని లోపలికి జార్చి, పిడికిలితో అదమండి. మట్టి తక్కువైతే పెళ్ళ కుంగి అక్కడ కాలు మడతపడుతుంది. అప్పుడు పక్క పొదల కిందనుంచి కొంచెం మట్టి తెచ్చి నింపండి. పెళ్ళను మూసి, పాదంతో గట్టిగా తొక్కి, గడ్డిని వేళ్ళతో రేపి నిలబెట్టి, సీసాలో నీళ్ళు సగం పోయండి. అడుగు దూరం నుంచి చూస్తే మీకే ఆ చోటు ఆనవాలు తెలియకూడదు.

గడ్డిని బట్టి కూడా జాగ్రత్త మారుతుంది. బెర్ముడా గడ్డి తీగలు పాకించి గాయాన్ని త్వరగా మూసుకుంటుంది. సెయింట్ అగస్టీన్ గడ్డికి తీగలు నేల పైనే ఉంటాయి, వాటిని తెగకుండా పక్కకు తప్పించి కోయాలి. టాల్ ఫెస్క్యూ దుబ్బులుగా పెరుగుతుంది, పాకదు. అందులో చచ్చిన మచ్చ మళ్ళీ విత్తనం చల్లేదాకా అలాగే ఉంటుంది. టెక్సస్ నల్లరేగడి జూలై, ఆగస్టుల్లో రాయిలా బిగుస్తుంది. పెళ్ళ ముక్కలైపోతుంది, బతకదు. ఆ నెలల్లో పచ్చికను వదిలేసి, పిల్లల ఊయలల కింద చెక్కపొట్టు పరిచిన చోట్లకు, ఇసుక కోర్టులకు వెళ్ళండి. వాన కురిసిన రెండు మూడు రోజుల తర్వాత పచ్చిక తవ్వకానికి మంచి అదను. ఆటలు ఆడే మైదానం మధ్యలో మాత్రం ఏ కాలంలోనూ తవ్వొద్దు. పరుగెత్తే పిల్ల కాలు బెణకడానికి రెండంగుళాల గుంట చాలు.

నేల కింద ఏముందో కూడా ఆలోచించాలి. పెరట్లో తవ్వే ముందు 811కు ఫోన్ చేస్తే, కొన్ని పని రోజుల్లో గ్యాసు, కరెంటు లైన్లకు ఉచితంగా రంగు గుర్తులు వేసి వెళతారు. స్ప్రింక్లర్ గొట్టాలు ఇంటివాళ్ళవి కాబట్టి వాటికి గుర్తు వేయరు. శబ్దం ఒకే గీతగా రెండు మూడు అడుగులు సాగితే అది తీగో గొట్టమో, తవ్వకండి. బాంబు గుండులాంటిది, మనిషి ఎముకలాంటిది కనిపిస్తే ముట్టుకోకుండా అక్కడే ఆగి 911కు చెప్పండి. పాత యుద్ధ క్షేత్రాలున్న రాష్ట్రాల్లో పేలని గుండ్లు ఇప్పటికీ బయటపడుతుంటాయి.

తవ్విన చెత్తనంతా మీ సంచిలోనే వేసుకోండి. తిరిగి గుంటలో వేస్తే రేపు మీకే మళ్ళీ మోగుతుంది.

దొరికిన చిల్లర

1964 దాకా వచ్చిన డైమ్‌లు, క్వార్టర్లు 90 శాతం వెండి. 1942 నుంచి 1945 మధ్య యుద్ధకాలపు నికెల్స్‌లో 35 శాతం వెండి ఉంది, వాటి వెనకవైపు భవనం బొమ్మకు పైన పెద్ద అక్షరం ఉంటుంది. 1982 నుంచి పెన్నీలు రాగి పూత పూసిన జింక్, మట్టిలో అంచులు తినేసి పుండు పడ్డట్టు వస్తాయి. వెండి, పాత రాగి నాణేలను గుడ్డతో రుద్దకండి, చింతపండుతో తోమకండి. నీటి కింద పట్టి ఆరబెట్టండి, అంతే. రుద్దితే గీతలు పడి, కొనేవాళ్ళ దగ్గర విలువ పోతుంది. కొత్త చిల్లరను గులకరాళ్ళు, నీళ్ళు వేసి డబ్బాలో దొర్లించి కడగొచ్చు, కానీ పెన్నీలను వేరుగా కడగాలి. కలిపితే తెల్లవన్నీ ఎర్రబారతాయి.

పేరు చెక్కిన ఉంగరం, కాలేజీ ఉంగరం దొరికితే సొంతదారును వెతకండి. విలువైన వస్తువైతే రాష్ట్ర చట్టం చూడండి. కాలిఫోర్నియాలో 100 డాలర్లు ఆపైన విలువ చేసే దొరికిన వస్తువును, సొంతదారు తెలియకపోతే, పోలీసులకు అప్పగించాలి.

పోయిన గొలుసు వెతకడం

ఈ విద్య తెలిసినవాళ్ళను మనవాళ్ళు ఎక్కువగా పిలిచేది దీనికే. బీచ్‌లో అలకు తెగిన మంగళసూత్రం, బర్త్‌డే పార్టీలో పచ్చికలో జారిన గొలుసు. ఉంగరం వెతకడంకంటే ఇది కష్టం. ఉంగరం ఒకే వలయం కాబట్టి గట్టిగా పలుకుతుంది. గొలుసులో ఒక్కో లంకె విడి చుక్కలా ప్రవర్తిస్తుంది, కాబట్టి బరువైన గొలుసు కూడా చిన్న రేకు ముక్కలా, ఒక్కోసారి ఇనుములా సన్నగా మూలుగుతుంది. గట్టిగా పలికేది సూత్రాలు, లాకెట్టు, మర.

ముందు పోగొట్టుకున్నావిడను నిలబడిన చోట మళ్ళీ నిలబెట్టి, ఆ రోజు తీసిన ఫొటోలు చూపమనండి. మెడలో గొలుసు కనిపించే చివరి ఫొటోకీ, కనిపించని మొదటి ఫొటోకీ మధ్య ఎక్కడెక్కడ తిరిగారో అంతే వెతకాలి. జనాన్ని అటు తొక్కనివ్వకండి, చేతులతో ఇసుక కెలకనివ్వకండి. కెలికితే లోతుకు పోతుంది. వీలుంటే అలాంటిదే మరో గొలుసు, మర ఉన్నది, కాయిల్ ముందు ఆడించి దాని అంకె చూసుకోండి. ఇనుమును నొక్కేసే సెట్టింగును తీసేసి, ఫ్రీక్వెన్సీ మార్చే వీలున్న మిషనైతే ఎక్కువ ఫ్రీక్వెన్సీ పెట్టి, చిన్న కాయిల్ ఉంటే బిగించి, తాళ్ళతో మూడడుగుల చాళ్ళు కట్టి నెమ్మదిగా ఊపండి. సన్నగా మూలిగిన ప్రతిదీ తీయాలి. బీచ్ అయితే ఆటు సమయం చూసుకుని, నీళ్ళు బాగా వెనక్కి పోయినప్పుడే తడి ఇసుకలో దిగండి. ఇసుక స్కూపుతో తీసి జల్లించాక, ఆ గుంటనూ కాలితో పూడ్చండి. ఒడ్డు మీది ఇసుక దిబ్బలను, వాటి మీది గడ్డిని తొక్కవద్దు. ఒడ్డు కోసుకుపోకుండా ఆపేవి అవే, చాలాచోట్ల చట్టం కూడా వాటిని కాపాడుతుంది.

గొలుసు దొరికింది కదా అని వెంటనే లేచిపోకండి. తెగిన గొలుసులోంచి సూత్రాలు, గుండ్లు, నల్లపూసలు జారి ఉంటాయి. ఎన్ని ఉండాలో ఆవిడను అడిగి, దొరికిన చోటు చుట్టూ రెండడుగుల మేర మళ్ళీ ఊపి, లోహం లేని పూసల కోసం ఆ ఇసుకను సన్నజల్లెడలో పట్టి, లెక్క సరిపోయాకే మిషన్ ఆపండి.